మెరియా బిడ్డల మూగచరిత్ర

పెద్దలు పడిన కష్టములను చరిత్రకారుడు ఏదో యొక విధముగా వ్రాయగలడు. బిడ్డలు పడిన కష్టములను వ్రాయుట దుర్ఘటము. వారికి శాసనములు లేవు, విన్నపములు లేవు, తమకేమి జరిగెనో చెప్పుకొనునంత భాషయు లేదు. మన తూర్పు కనుమల చరిత్రలో ఈ లోప మెంత పెద్దదియో మెరియా బిడ్డల వృత్తాంతమువలన తెలియును.

అరకులోయలో సామంతులని పిలువబడు కోదులకు జ్ఞాతులైనవారు గంజాము, జయపురము కొండలయందు విస్తారముగా గలరు. వారిలో కొన్ని తెగలవారు పూర్వము భూదేవికి నరబలి యిచ్చుచుండిరి. పైరు పండుటకును, పసుపునకు మంచి రంగు వచ్చుటకును ఇది యావశ్యకమని వారి నమ్మకము. బలికై యుంచబడినవారికి మెరియాలని పేరు. మెరియాను వెలయిచ్చి కొనవలెను. లేనిచో దేవత గ్రహింపదు. కొందరు బిడ్డలను దళారులు పల్లపు గ్రామములనుండి అపహరించి తెచ్చిరి. కొందరిని కరవుకాలమున సొంత బంధువులే యమ్మిరి. వెల రూకలలో గాక పశువులలోను, ఇత్తడి పాత్రలలోను చెల్లుచుండెను. కొన్న బిడ్డను తోడనే చంపరు. ఏండ్లతరబడి అన్నముపెట్టి, ఆదరించి పెంచెదరు. ఈ సంగతియే మమ్మెక్కువగా కలచివేయుచున్నది. ఆ బిడ్డకు తెలిసిన ప్రేమయంతయు తన్ను బలికప్పగింపబోవు చేతులనుండి వచ్చినదే.

1836లో ఘుమ్‌సరు యుద్ధసమయమున ఈ యాచారము ఆంగ్లేయులకు తెలియవచ్చెను. 1845లో దీని నణచుటకై శాసనముచేసి యొక ప్రత్యేకాధికారిని నియమించిరి. మాక్‌ఫర్సను, కాంబెలు అను సేనానులు ఒకరి వెనుక నొకరు ఆ పని నడపిరి. 1861లో ఆ యుద్యోగము రద్దయ్యెను. 1837 మొదలు 1854 వరకు విడిపింపబడిన మెరియాలు 1,506 మంది. అందు పురుషులు 717, స్త్రీలు 789. నరుని స్థానమున దున్నపోతు వచ్చెను.

ప్రాణరక్షణకంటె గొప్ప పని లేదు. దానిని తక్కువచేయుట మా యభిప్రాయము కాదు. అయినను ఆ రక్షకుల సేనలే అంతకుముందు కోదుల గ్రామములను తగులబెట్టినవి. బలిని మాన్పుటయు, కొండలను లోబరచుకొనుటయు కలిసియే నడచెనని ఫెలిక్స్ పాడెల్ 1995లో ప్రకటించిన గ్రంథమున విపులముగా చూపెను. ఇక విడిపింపబడిన బిడ్డలలో కొందరిని బరంపురము, కటకములలోని క్రైస్తవ మిషను పాఠశాలల కప్పగించిరి. కొందరికి భూమి యిచ్చిరి. ఎదిగిన బాలికలలో కొందరికి వివాహములు చేసిరి. కూడు, గూడు, చదువు దొరకెను. కాని తాను పెరిగిన యిల్లు తన్ను చంపుటకే పెంచెనని తెలిసికొన్న బిడ్డ రాత్రులందు ఏమి కలగనెనో ఏ పట్టికయు చెప్పదు.

ఇచ్చటనే చరిత్ర యాగి, నవల మొదలగును. ఆ యుద్యోగము నడచుచుండిన కాలముననే, 1856లో, అమెరికాలో మార్గరెట్ గార్నర్ అను బానిస స్త్రీ పారిపోయి పట్టుబడుచు, తన కుమార్తె మరల దాస్యమున పడకుండుటకై దానిని తన చేతులతో చంపెను. ఈ వృత్తాంతమునుండి పుట్టినదే టోనీ మోరిసన్ 1987లో వ్రాసిన ‘బిలవ్డ్’ నవల. అందు చనిపోయిన బిడ్డ పడుచై తల్లి యింటికి తిరిగివచ్చును. ఇట్టి రచనను విమర్శకులు మాంత్రిక వాస్తవికత యందురు. అది వినోదమునకై కల్పించిన వింత కాదు. మామూలు మాటలలో నిముడని గాయమును చెప్పుటకు దొరకిన మార్గము.

ఈ మార్గము మన కొండలకు క్రొత్త కాదు. పర్లాకిమిడి, గుణుపురము ప్రాంతముల సవరలలో గణాచారివంటి స్త్రీ పూనకమున నుండగా చనిపోయినవారు ఆమె నోట పలుకుదురని నమ్మకము. బ్రదికియున్నవారు వారితో వాదింతురు, నిందింతురు, ఏడ్తురు, క్షమాపణ కోరుదురు. చనిపోయిన పసిబిడ్డయు తల్లితో మాటలాడును. ఏండ్లు గడచినకొలది ఆ మృతుని బాధ శాంతించును. బ్రదికినవారి బాధయు శాంతించును. ఈ సంభాషణలను పియర్స్ విటెబ్‌స్కీ దీర్ఘకాలము విని 1993లో గ్రంథముగా ప్రకటించెను. తరువాతి తరమున సవరలు పెక్కురు క్రైస్తవులగుటచే ఆ యాచారము చాలవరకు తగ్గినది. మేము పూనకమును పునరుద్ధరింపుమనుట లేదు. గాయమునకు ముందు మాట కావలెను, ఆ మాటను వినువారు కావలెను అను సత్యమును వారు మనకంటె ముందే యెరిగిరనుచున్నాము.

ఈ సత్యమును గ్రహించిన తెలుగువాడు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన సవర బిడ్డలకు చదువు చెప్పుటకు ముందు తాను సవరభాష నేర్చెను. ఆ భాషలో పుస్తకములు వ్రాసి, బడులు పెట్టించెను. 1931లో సవర వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడినవి. బిడ్డను ఉద్ధరింపదలచినవాడు బిడ్డ మాటను తాను నేర్వవలెనని ఆయన చేసి చూపెను.

అరకు కొండల బాల్యమును గూర్చి వ్రాయబోవు తెలుగు నవలాకారుడు పులిగా మారు మనుష్యులను, మాటలాడు చెట్లను వర్ణింపవచ్చును. ఆ వింతల వెనుక నొక బిడ్డ గొంతు వినబడినప్పుడే యది సాహిత్యమగును. నవలలు వ్రాయని మనకును ఇందొక కర్తవ్యము కలదు. మన యింటనో, ఇరుగుపొరుగుననో దెబ్బతిన్న బిడ్డ యుండవచ్చును. అన్నము పెట్టుదుము, బట్ట కట్టుదుము, బడికి పంపుదుము. అంతటితో ఋణము తీరెననుకొందుము. ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండి, తొందరపెట్టక, అది చెప్పునది వినుట మిగిలియే యున్నది.