చిరునామా మారినా పేరు నిలవాలి

2014 జూన్ 2న మాచారెడ్డి అనే ఊరు కొత్త రాష్ట్రమైన తెలంగాణలోకి వచ్చింది. 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడిన కామారెడ్డి జిల్లాలో భాగమైంది. ఊరు అడుగు కదలలేదు గానీ, దాని కాగితాలు వెళ్లాల్సిన జిల్లా కచేరీ మారింది. మీసేవకు వచ్చిన మనిషికి కావలసింది తన సర్టిఫికెట్; దాన్ని పంపే యంత్రం ఏ ఊళ్లో ఉందన్నది అతనికి అక్కర్లేదు. నెట్‌వర్క్ సర్వీసుల చరిత్రంతా ఈ చిక్కు చుట్టూనే నడిచింది: పని జరిగే చోటు మారినా, అడిగే పేరు మారకూడదు. ఆ పేరు ఎవరి అధీనంలో ఉండాలి? అన్నిటి మీదా ఒక పెత్తనం పెట్టిన పద్ధతి నిలవలేదనీ, ఎవరి ఏలుబడి వారికి వదిలి పేరు మీదా నమ్మకం మీదా మాత్రమే ఒప్పందం చేసుకున్న పద్ధతి నిలిచిందనీ నా వాదన.

తెలంగాణ ఏర్పడిన ఆ నెలలోనే గూగుల్, కంటైనర్లను (విడివిడి పెట్టెల్లా నడిచే ప్రోగ్రాములను) నడిపించే కుబెర్నెటీస్‌ను బయటపెట్టింది. అందులో కంటైనర్లను మోసే పాడ్‌లు పుడుతూ పోతూ ఉంటాయి, పుట్టిన ప్రతిసారీ ఐపి అడ్రసు మారుతుంది. అందుకే వాటి ముందు ‘సర్వీస్’ అనే స్థిరమైన పేరు పెట్టారు. ఒక క్లస్టర్ (కలిసి పనిచేసే యంత్రాల గుంపు) లోపల ఇది చక్కగా సాగింది. పక్క క్లస్టర్‌కు మాత్రం ఆ పేరు తెలియదు. రెంటినీ ఒకే అడ్రసుల వరసతో కట్టి ఉంటే నేరుగా కలపడమూ కుదరదు. 2016లో వచ్చిన ఫెడరేషన్ దీనికి పైనుంచి పరిష్కారం వెతికింది: ఒకచోట ఆజ్ఞ ఇస్తే అన్ని క్లస్టర్లలోనూ అమలు కావాలి. కానీ ఒక్కో వనరుకూ కేంద్రంలో ఏపీఐని మళ్లీ కట్టుకోవలసి వచ్చింది, క్లస్టర్‌కో తీరుగా విధానం పెట్టే వెసులుబాటు చాలలేదు. 2018లో మొదలైన రెండో ప్రయత్నం కుబ్‌ఫెడ్‌ను 2023లో మూసేశారు. ఈలోగా 2020 ప్రాంతంలో మల్టీ క్లస్టర్ సర్వీసెస్ ఏపీఐ రూపుదిద్దుకుంది. ఇందులో క్లస్టర్ తన సర్వీసును బయటికి ఇస్తున్నట్టు తానే ప్రకటిస్తుంది. ఒకే నేమ్‌స్పేస్‌లో (క్లస్టర్ లోపలి పేర్ల విభాగంలో) ఒకే పేరున్నవి అన్నిచోట్లా ఒకే సర్వీసుగా చెల్లుతాయి. సబ్‌మెరీనర్, సిలియం వంటివి దీన్ని అమలు చేశాయి.

అన్నిటికీ కలిపి ఒకే పెద్ద క్లస్టర్ కడితే పోదా అని అడగవచ్చు. కుబెర్నెటీస్ ఒక క్లస్టర్‌లో 5,000 నోడ్ల (యంత్రాల) దాకా తట్టుకుంటుంది. అయితే దాని లెక్కలన్నీ దాచే ఎట్‌సీడీలో ప్రతి రాతకూ సభ్యుల్లో సగం కంటే ఎక్కువమంది ఒప్పుకోవాలి. అమెజాన్‌కు 2016 నుంచి ముంబైలోనూ, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్లున్నాయి. ఒకే క్లస్టర్‌ను ఆ రెంటికీ సాగదీస్తే ప్రతి రాత మీదా ఆ దూరం భారం పడుతుంది. విడివిడిగా ఉంటే ఒకటి పడిపోయినా రెండోది బదులిస్తుంది.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: పెద్దదిక్కు లేకపోతే అవతలి క్లస్టర్‌ను నమ్మేదెలా? సర్వీసుల మధ్య రాకపోకలు నడిపే ఇస్టియో వంటి వాటిలో రెండు పక్కలా ఉమ్మడి మూల సర్టిఫికెట్ పెట్టి ఈ నమ్మకం కుదురుస్తారు. అదీ ఒక కేంద్రమే, ఒప్పుకోవాలి. కాకపోతే దాని అవసరం సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే. ప్రతి అభ్యర్థనకూ దాని గుమ్మం తొక్కనక్కర్లేదు. అది కాసేపు మూగబోయినా, గడువున్న సర్టిఫికెట్లతో పని సాగుతూనే ఉంటుంది. ఈ ఒప్పందానికి అందనిది డేటా. సర్వీసు పేరు రెండు చోట్లా పలికినా దాని వెనక డేటాబేసు ముంబైలోనే రాస్తుంటే, ముంబై పడిన రోజున హైదరాబాద్ క్లస్టర్ కొత్త అర్జీని రాసుకోలేదు. డేటా నకలు ఎక్కడెక్కడ ఉండాలో, ఏది చెల్లుతుందో మల్టీ క్లస్టర్ సర్వీసెస్ ఏపీఐ తేల్చదు; ఆ ఏర్పాటు విడిగా, ముందే చేసుకోవాలి.