కలే ఫుట్‌బాల్ సంఘము

ఫ్రాన్సు దేశపు ఉత్తరపు కొసన, ఇంగ్లండునకు ఎదురుగా, కలే అను రేవు పట్టణము కలదు. నడుమనున్న సముద్రము అచట మిక్కిలి ఇరుకైనది. ఆకాశము నిర్మలముగా నున్ననాడు ఆవలి ఒడ్డున సుద్దకొండలు తెల్లగా కానవచ్చును. 1347లో ఆంగ్ల ప్రభువు మూడవ ఎడ్వర్డు దీర్ఘమైన ముట్టడి అనంతరము ఈ పట్టణమును పట్టుకొనెను. నాడు పురజనుల కొరకు ప్రాణములొడ్డ సిద్ధపడిన ఆరుగురు పెద్దలను రోడా మహాశిల్పి విగ్రహములుగా మలచిన సంగతి కళాభిమానులు ఎరుగుదురు. మేమిపుడు చెప్పదలచినది అదే పట్టణమున శతాబ్దమునకు పైగా బ్రదికి, ఒకే ఒక సంవత్సరము దేశమునంతటిని నివ్వెరపరచి, తుదకు అప్పుల పాలై అంతరించిన ఒక ఫుట్‌బాల్ సంఘపు కథ.

కలేకు బ్రతుకుతెరువు రేవు, లేసు పరిశ్రమ. మన నరసాపురపు లేసు స్త్రీల చేతులలో అల్లబడునది. కలే లేసు యంత్రములపై నేయబడునది. పంతొమ్మిదవ శతాబ్దపు తొలి భాగమున నాటింగ్‌హాం ప్రాంతపు ఆంగ్లేయ పనివారు ఆ యంత్రములను సముద్రము దాటించి తెచ్చిరి. ఫుట్‌బాల్ ఆట సైతము ఫ్రాన్సునకు ఆంగ్లేయుల వెంట, ఇట్టి రేవుల ద్వారమునే వచ్చినది. కలేలో ఈ సంఘము మూలము 1902 నాటిది. 1930 దశకమున కొంతకాలము అది వృత్తి ఆటగాండ్ర రెండవ అంచెలో ఆడినది. తరువాత తిరిగి ఔత్సాహికుల శ్రేణిలో చేరినది. 1974లో పట్టణమందలి రెండు సంఘములు ఏకమై ‘రేసింగ్ యూనియన్’ అను పేర నిలిచినవి.

శతాబ్దాంతమునకు కలేకు కష్టకాలము వచ్చినది. లేసు మిల్లులు ఒకటొకటిగా మూతపడుచుండెను. 1993లో ఐరోపా దేశముల నడుమ సుంకపు తనిఖీలు తొలగుటతో ఆ పనిని నమ్ముకొన్న గుమాస్తాలు పెక్కురు ఉపాధి కోల్పోయిరి. అట్టి పట్టణమున, నాలుగవ అంచెలో ఆడు ఒక చిన్న సంఘమును గూర్చి బయటివారెవరును తలచుకొనలేదు.

ఇచట ఫ్రెంచి కప్పును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. మొదటి ప్రపంచ యుద్ధమున 1915లో నేలకొరిగిన షార్ల్ సీమో అను క్రీడా నిర్వాహకుని స్మృత్యర్థము 1917–18లో ఈ పోటీ ప్రారంభమైనది. పల్లెటూరి సంఘము మొదలు దేశ విజేత వరకు అందరికిని ఇందు ప్రవేశము కలదు. ఏటేటా వేలకొలది సంఘములు దిగును. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు తరువాతి చుట్టునకు, ఇంతే దీని నియమము. అందుచేత ఒక్క సాయంకాలమున చిన్నవాడు పెద్దవానిని పడగొట్టుటకు ఇందు తావున్నది.

1999–2000 పోటీలో జరిగినది ఇదియే. కలే ఆటగాండ్రలో పెక్కురు పగలు ఉద్యోగములు చేసికొని సాయంకాలము సాధనకు వచ్చువారు. వారి శిక్షకుడు లాదిస్లాస్ లొజానో. రెండవ అంచెకు చెందిన లిల్‌ను, ఆపై కాన్‌ను పెనాల్టీలలో ఓడించిరి. మొదటి అంచెలోని స్ట్రాస్‌బూర్‌ను 2–1 తేడాతో గెలిచిరి. సొంత మైదానము చిన్నదగుటచే సెమీఫైనల్‌ను గనుల పట్టణమైన లాన్స్‌లో ఆడవలసివచ్చినది. ఎదుటివారు బోర్డో, ముందటి యేటి దేశ విజేతలు. అదనపు సమయము ముగియునప్పటికి కలే 3–1తో గెలిచెను.

2000 మే 7వ తేదీన పారిస్ చెంత నున్న జాతీయ క్రీడాంగణమున ఫైనల్ జరిగినది. నాలుగవ అంచె సంఘమొకటి అచ్చటికి చేరుట అదే మొదలు. ఎదుట నాంత్ జట్టు. 34వ నిమిషమున డ్యూతీత్ర్ గోలు కొట్టగా కలే ముందంజ వేసినది. విరామానంతరము సిబియెర్‌స్కీ లెక్క సరిచేసెను. తుది నిమిషమున నాంత్‌కు పెనాల్టీ లభించగా అతడే దానిని గోలు చేసెను. ఆ పెనాల్టీ న్యాయమా కాదా అను వాదము చాలకాలము సాగినది. అయినను జనుల మనసులలో నిలిచినది వేరొక దృశ్యము. నాంత్ నాయకుడు, అప్పటికి ఇరువది యేండ్లవాడు, మికాయెల్ లాండ్రో, ఓడిన జట్టు నాయకుడు రెజినాల్ బెక్‌ను చేరబిలిచెను. ఇరువురు కలసి కప్పును పైకెత్తిరి.

ఇంతవరకు కథ సుఖాంతము. మేము శ్రోతలను ఆలోచింపుమని కోరునది దాని తరువాతి భాగమును గూర్చి. 2006లో సంఘము మరల క్వార్టర్ ఫైనల్ చేరి, తిరిగి నాంత్ చేతనే ఓడినది. 2008లో పట్టణమున సుమారు 12,000 మంది పట్టు క్రొత్త క్రీడాంగణము తెరువబడినది. 2000 నాటి విజయ పరంపరను స్మరించి దానికి ‘ఇతిహాస క్రీడాంగణము’ అని అర్థమిచ్చు పేరు పెట్టిరి. ఆ పేరునకు తగిన రాబడి ఆ సంఘమునకు లేదు. ఫ్రాన్సులో సంఘముల జమాఖర్చులు పరిశీలించి, లెక్క తప్పినవారిని దిగువ అంచెకు దింపు తనిఖీ మండలి కలదు; కలే సంఘము దాని శిక్షలకు గురియైనది. తుదకు 2017లో సంఘము దివాలా తీసి రద్దయినది. నూట పదునైదేండ్ల చరిత్ర ముగిసినది.

పెండ్లిపందిరి ఐదు దినములది, సంసారము నూరేండ్లది. కప్పు పోటీ పందిరి వంటిది. ఆ సందడికి దేశాధ్యక్షుడు సైతము వచ్చి కూర్చుండెను. సంఘమును బ్రదికించునది మాత్రము అది కాదు. చలిలో, వానలో, ఎవరును వార్త వ్రాయని శనివారపు ఆటకు టిక్కెట్టు కొని వచ్చు కొలదిమంది. చందాలు వసూలు చేయువారు. బాలురకు ఆట నేర్పు పెద్దలు, వీరే దానికి ఊపిరి. వీరి బలమునకు మించి భారము మోపినచో, ఎంతటి కీర్తియు ఆదుకొనజాలదు.

అట్లని 2000 నాటి జట్టు చేసినది వ్యర్థమని మేమనము. పనులు పోయి తల వంచుకొన్న పట్టణమొకటి ఆ వసంతమున తల యెత్తుకొని నడిచినది. ఆ పిదప 2012లో కెవిల్లీ, 2018లో లెజెర్బియే, మూడవ అంచె సంఘములై యుండియు, కప్పు ఫైనల్ వరకు నడిచినవి. కలే నడచిన బాట మూతపడలేదు. ఆ బాటను నడిచి ఇల్లు చేరినవారు మరునాటి ఉదయము ఇంటి ఖర్చుల లెక్క కూడ చూచుకొనవలెను. కలే కథ నేర్పునది ఇదియే.