ఖేడ్‌లో తీర్పు చెప్పేవాళ్ల చదువు

మా నారాయణఖేడ్ 1956 నవంబర్ 1 దాకా బీదర్ జిల్లా తాలూకా. ఆనాడు మెదక్ జిల్లాలో కలిసింది గానీ పాత మిసిళ్ల భాష మారలేదు. భూతగాదా వచ్చిందంటే వకీలుగా నేను ముందు పాత సర్వే రికార్డైన సేత్వార్ నకలు చేతబట్టుకుని, ఉర్దూ చదవగల పెద్దమనిషి ఇల్లు వెతుక్కునేవాణ్ణి. గొలుసుకట్టు రాత అది. చుక్క ఒకటి అటోఇటో అయితే పట్టాదారు పేరే మారిపోతుంది. తారీఖులన్నీ నిజాం కాలపు ఫస్లీ లెక్కలో ఉంటాయి, ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే 590 కలుపుకోవాలి.

ఇక ఆ కాగితాల మీద తీర్పు చెప్పేవాళ్ల సంగతి. ఒకప్పుడు శిస్తు వసూలు చేసే తహసీల్దారే కచేరీలో కూర్చుని శిక్షలూ వేసేవాడు. 1921లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చి న్యాయశాఖను రెవెన్యూ నుంచి విడదీశాడు. దేశమంతటికీ ఆ పని చట్టంగా జరగడానికి 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమల్లోకి రావలసి వచ్చింది. ఈ విషయంలో హైదరాబాద్ రాజ్యానికి దక్కాల్సిన పేరు దక్కలేదు.

తర్వాత చదువు బరువంతా మున్సిఫ్‌ల మీదే, అంటే కింది కోర్టు జడ్జీల మీదే పడింది. సర్వీసులో ఉన్న జడ్జీలకూ శిక్షణ సంస్థలు ఉండాలని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. 2025 మే 20 తీర్పుతో కొత్త జడ్జికి మూడేళ్ల ప్రాక్టీసు, కుర్చీ ఎక్కేముందు ఏడాది శిక్షణ తప్పనిసరి అయ్యాయి. అప్పటికే మొదలైన నియామకాలకు ప్రాక్టీసు షరతు నుంచి మినహాయింపు ఇచ్చారు. అది సబబే, దరఖాస్తు పెట్టుకున్న పిల్లల్ని నడిమధ్యలో ఆపకూడదు.

నాకు మింగుడుపడనిది ఇంకో మినహాయింపు. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారు ఎవరో తేల్చేది తహసీల్దారు. ఆ చట్టం 99వ సెక్షన్ సివిల్ కోర్టును అందులో వేలు పెట్టనివ్వదు. 34వ సెక్షన్‌లో ఒక క్లాజు చూడండి: ఫస్లీ 1342 మొదటి రోజు, అంటే 1932 అక్టోబర్ 6 నుంచి, ఫస్లీ 1352 ఆఖరు దాకా ఉన్న కాలంలో వరుసగా ఆరేళ్లు భూమి సాగులో ఉండాలి. సాక్ష్యం తూచడం తెలిసినవాడికే అది కష్టమైన లెక్క. తహసీల్దారుకు లా పట్టా అక్కర్లేదు, జుడీషియల్ అకాడమీ గడప తొక్కనక్కర్లేదు. ఆయన మీద అప్పీలు కలెక్టరుకు, ఆపైన రివిజన్ హైకోర్టుకు. ఎకరం పొలం కోసం కొట్లాడే రైతు మొదటిసారి ఒక జడ్జి ముందు నిలబడేది హైదరాబాద్‌లోనే.