944 నుంచి 21 దాకా

హైదరాబాద్ రంజీ టీం కెప్టెన్ ఎవరు? గూగుల్ చెయ్యకుండా చెప్పండి చూద్దాం.

చెప్పలేకపోతే సిగ్గుపడక్కర్లేదు లెండి. సన్‌రైజర్స్ పదకొండు మందినీ బ్యాటింగ్ ఆర్డర్‌తో సహా అప్పజెప్పే మా ఆఫీసు జనాల్లో ఒక్కరు కూడా చెప్పలేకపోయారు. ఒకాయనైతే "రంజీలో మనకి ఇంకా టీం ఉందా?" అన్నాడు. వెటకారం అనుకున్నా. కాదు, పాపం నిజంగానే అడిగాడు.

ఉంది. ఎలా ఉంది, ఎందుకలా ఉంది అంటే మాత్రం కొంచెం పెద్ద కథ. సికింద్రాబాద్ నుంచి మొదలెట్టాలి.

పరేడ్ గ్రౌండ్ దగ్గర జింఖానా మైదానం చాలామంది చూసే ఉంటారు. చూడకపోయినా మెట్రోలో దాని పక్కనుంచి వెళ్ళే ఉంటారు. కంటోన్మెంటులో తెల్లదొరలతో పాటు వచ్చిన ఆట ఇక్కడ వేళ్ళూనుకుంది. 1930ల్లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ అని ఒక టోర్నమెంటు ఉండేది. దేశంలో పేరున్న ఆటగాళ్ళంతా దానికోసం ఇక్కడికి వచ్చేవాళ్ళు. వెస్టిండీస్ నుంచి లియరీ కాన్‌స్టంటైన్ అంతటివాడు కూడా వచ్చి ఆడాడు. అంటే ఐపీఎల్‌కి డెబ్భై ఏళ్ళ ముందే మన జంటనగరాలు విదేశీ ఆటగాళ్ళని పిలిపించుకుని ఆడించాయన్నమాట.

రంజీ ట్రోఫీ మొదలైంది 1934-35లో. నాలుగో ఏడు, అంటే 1937-38లో, హైదరాబాద్ కప్పు గెలిచేసింది. ఫైనల్లో ప్రత్యర్థి నవానగర్. అమర్ సింగ్, వినూ మన్కడ్ ఉన్న జట్టు. మనవాళ్ళు తొమ్మిది వికెట్లు పోగొట్టుకుని, ఒక్క వికెట్ తేడాతో గట్టెక్కారు. చివరిదాకా నిలబడింది ఎడుల్జీ ఐబారా, 137 నాటౌట్. టీవీ లేని రోజులు గనక ఆ ఉత్కంఠ మనం ఊహించుకోవాల్సిందే.

ఆ తర్వాత రెండో కప్పు కోసం ఎంతకాలం ఆగాం? 49 ఏళ్ళు.

అసలు విచిత్రం ఏంటంటే, ఆ 49 ఏళ్ళలో మన టీం చెత్త టీం కాదు. పైపెచ్చు దేశంలో అందరూ ముచ్చటపడ్డ టీం. సికింద్రాబాద్‌లో పుట్టిన ఎం.ఎల్. జయసింహ పదహారేళ్ళ పాటు కెప్టెన్. అదే టీంలో అబ్బాస్ అలీ బేగ్, అబిద్ అలీ. ఇండియా కెప్టెన్ పటౌడీ ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి మారి, జయసింహ కెప్టెన్సీలో ఆడాడు. ఆలోచించండి, టెస్టుల్లో జయసింహకి పటౌడీ కెప్టెన్, రంజీలో పటౌడీకి జయసింహ కెప్టెన్! 1971లో వెస్టిండీస్ వెళ్ళి తొలిసారి సిరీస్ గెలిచిన ఇండియా జట్టులో ఐదుగురు హైదరాబాదీలు: జయసింహ, అబిద్ అలీ, జయంతిలాల్, కృష్ణమూర్తి, గోవిందరాజ్.

ఇంతమంది ఉండీ కప్పు ఒక్కటీ రాలేదు. 1964-65లో ఫైనల్ దాకా వెళ్ళి బొంబాయి చేతిలో ఓడిపోయారు. అప్పుడు బొంబాయి వరసగా 15 ఏళ్ళు, 1958-59 నుంచి 1972-73 దాకా, కప్పు ఎవరికీ ఇవ్వలేదు. కాబట్టి తప్పంతా మనదే అనలేం. కానీ "అందంగా ఆడతారు, గెలవరు" అనే మాట హైదరాబాద్‌కి అప్పుడే అంటుకుంది. పెద్దవాళ్ళు ఆ మాట కోపంగా కాదు, ముద్దుగా చెప్పేవాళ్ళు. ఇంట్లో చదువురాని చిన్నకొడుకు గురించి చెప్పినట్టు.

1986-87లో ఆ దిష్టి పోయింది. కెప్టెన్ ఎం.వి. నరసింహారావు, ఈయనా సికింద్రాబాద్‌లో పుట్టినవాడే. ఢిల్లీ మీద, వాళ్ళ ఊళ్ళోనే, మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో గెలిచాం. అదే సీజన్‌లో తమిళనాడు మీద అబ్దుల్ అజీం 303 నాటౌట్. నరసింహారావు ఆ తర్వాత ఉత్తర ఐర్లండ్‌లో కూడా క్రికెట్ నేర్పి, అక్కడ చేసిన సేవకి 2011లో బ్రిటిష్ వాళ్ళ ఎంబీఈ అందుకున్నారు. మన కెప్టెన్‌ని వాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. మనలో ఎంతమందికి తెలుసు?

ఇక 1993-94. మళ్ళీ మన జింఖానా గ్రౌండే. ప్రత్యర్థి ఆంధ్ర. హైదరాబాద్ స్కోరు 6 వికెట్లకి 944 డిక్లేర్డ్. రంజీ చరిత్రలో ఇప్పటికీ అదే అత్యధికం. ఎం.వి. శ్రీధర్ 366, జయసింహ కొడుకు వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ఒకే ఇన్నింగ్స్‌లో ఒక ట్రిపుల్, రెండు డబుల్ సెంచరీలు. దంచిందీ తెలుగు నేల మీదే, దంచించుకున్నదీ తెలుగువాళ్ళే గనక రికార్డు రెండు రకాలుగా మనదే!

1999-2000లో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒక్క రంజీ సీజన్‌లో 1415 పరుగులు చేశాడు. 8 సెంచరీలు. ఫైనల్‌కి వెళ్ళాం, ముంబై చేతిలో ఓడాం. ఓడినా బాధ లేదు, ఓడింది ఫైనల్లో కదా. ఆ తర్వాత హైదరాబాద్ ఇంతవరకూ మళ్ళీ రంజీ ఫైనల్ మొహం చూడలేదు.

ఇప్పుడు అసలు దెబ్బ. 2010 నవంబరు, జైపూర్, ప్లేట్ విభాగంలో రాజస్థాన్‌తో మ్యాచ్. అంటే అప్పటికే మనం రెండో తరగతి బోగీలో ఉన్నాం. దీపక్ చాహర్ అనే కుర్రాడికి అది మొట్టమొదటి మ్యాచ్. 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. హైదరాబాద్ 21 ఆలౌట్. అంతకుముందు రంజీలో అతి తక్కువ స్కోరు 22, అదీ 1934-35లో, రంజీ మొదలైన ఏడాది సదరన్ పంజాబ్ చేసింది. 76 ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోని రికార్డుని మనం ఒక్క పరుగు తేడాతో లాగేసుకున్నాం. రంజీలో అత్యధిక స్కోరూ మనదే, అత్యల్ప స్కోరూ మనదే. ఇంకే టీంకీ ఈ వైభవం లేదు.

సరే, ఒక్క రోజు చెడ్డ రోజు అనుకుందాం. ప్రొడక్షన్‌లో సర్వర్ ఒకసారి పడిపోతే సర్దుకుపోతాం. అదే పనిగా పడుతుంటే కారణం వెతుకుతాం కదా. 2022-23 సీజన్ చూడండి. 7 మ్యాచులు. 6 ఓటములు, 1 డ్రా. మొత్తం ఏడాదికి వచ్చింది 1 పాయింటు. ఆ ఒక్కటీ ఎలా వచ్చిందో తెలుసా? ఉప్పల్‌లో తమిళనాడుకి చివర్లో 11 ఓవర్లలో 144 కావాల్సొచ్చింది. వాళ్ళు 7 ఓవర్లలోనే వికెట్ పోకుండా 108 కొట్టేశారు. ఇంకో 4 ఓవర్లలో 36 పరుగులు చాలు. ఇంతలో వెలుతురు సరిపోలేదని ఆట ఆపేశారు. ఏడాది మొత్తానికి మనకి పాయింటు సంపాదించి పెట్టినవాడు ఎవరయ్యా అంటే సూర్యుడు, తొందరగా ఇంటికెళ్ళిపోయి.

దాంతో మళ్ళీ ప్లేట్‌లోకి దిగిపోయాం. 2023-24లో తిలక్ వర్మ కెప్టెన్సీలో ప్లేట్ గెలిచి, మేఘాలయని ఫైనల్లో ఓడించి, పైకొచ్చాం. ఆ సీజన్‌లోనే అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అంత వేగంగా ఎవరూ కొట్టలేదు. 26 సిక్సర్లు. చివరికి ఎంత చేశాడో చూడండి: 366. శ్రీధర్ చేసినంతే, ఒక్క పరుగు అటూ ఇటూ కాదు. నాకు సంతోషం వేసింది, వెంటనే కొంచెం దిగులూ వేసింది. ఆటగాడిలో లోపం లేదు. కానీ ఒకప్పుడు ఎలాంటి టీంలతో పోటీ పడేవాళ్ళం, ఇప్పుడు ఎవరిని కొట్టి పండగ చేసుకుంటున్నాం అని.

మరి మన దగ్గర ఆటగాళ్ళు లేరా? లేకపోవడమేంటి! సిరాజ్ ఎక్కడివాడు? తిలక్ వర్మ ఎక్కడివాడు? మహిళల క్రికెట్లో పరుగుల రాణి మిథాలీ రాజ్ బ్యాట్ పట్టింది సికింద్రాబాద్‌లోనే కదా. సరుకు ఉంది, కొట్టు నడిపేవాళ్ళతోనే పేచీ. అంబటి రాయుడు ఆంధ్రకి, బరోడాకి, విదర్భకి తిరిగి మళ్ళీ వచ్చాడు. హనుమ విహారి ఆంధ్రకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ప్రజ్ఞాన్ ఓఝా బెంగాల్‌కి వెళ్ళాడు. ఒక్కొక్కరి కారణం ఒక్కోటి కావచ్చు. కానీ అందరూ రిజైన్ చేసి వెళ్ళిపోతున్న టీంని చూస్తే మనలాంటివాళ్ళకి మేనేజర్ మీద అనుమానం వస్తుందా, రాదా?

2019లో రాయుడు హైదరాబాద్ క్రికెట్‌లో అవినీతి పేరుకుపోయిందని ట్వీట్ చేసి, ఆ ఏడాది రంజీకి దూరంగా ఉండిపోయాడు. దానికి అప్పటి అసోసియేషన్ అధ్యక్షుడు అజారుద్దీన్ ఇచ్చిన జవాబు, అతనొక నిస్పృహలో ఉన్న క్రికెటర్ అని! నిస్పృహే. మరి అది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు.

2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కల్పించుకుని, రిటైర్డ్ జడ్జి ఎల్. నాగేశ్వరరావుని ఏకసభ్య కమిటీగా వేసి అసోసియేషన్‌ని ఆయన చేతిలో పెట్టింది. ఆయన తేల్చింది ఏంటంటే, ఒకే మనిషి లేదా కుటుంబం చేతిలో ఒకటికి మించి క్లబ్బులున్నాయని. 50కి పైగా క్లబ్బుల్ని ఎన్నికలకి దూరం పెట్టారు. కొత్త కమిటీ ఎన్నికైంది. 2025 జూలైలో ఆ అధ్యక్షుడితో పాటు మరికొందరిని ఫోర్జరీ, నిధుల దుర్వినియోగం ఆరోపణల మీద తెలంగాణ సీఐడీ అరెస్టు చేసింది. ఆరోపణలు నిజమో కాదో తేల్చాల్సింది కోర్టు, నేను కాదు. నేను చెప్పేది వేరే సంగతి.

ఇక్కడ ఓటు ఉన్నది క్లబ్బులకి, సంస్థలకి. ఆట చూసేవాడికి లేదు. మనకి ఇది ఎంత మామూలైపోయిందంటే ఇంకోలా ఉండొచ్చని కూడా తోచదు. ఇంగ్లండులో కౌంటీలు చూడండి. అక్కడా ఓడిపోయే టీంలున్నాయి. సోమర్‌సెట్ 1891 నుంచి కౌంటీ ఛాంపియన్‌షిప్ ఆడుతోంది, ఇంతవరకూ ఒక్కసారీ గెలవలేదు. గ్లోస్టర్‌షైర్ అంతే, నార్తాంప్టన్‌షైర్ అంతే. మన ఐటీ జనాల్లో టాంటన్, బ్రిస్టల్ వైపు పనిచేసినవాళ్ళకి అక్కడి ముసలాళ్ళ సణుగుడు తెలిసే ఉంటుంది. కానీ అక్కడ చాలా కౌంటీలకి సొంతదారులు సభ్యులే. ఏటా చందా కడతారు, మీటింగుకి వెళ్తారు, లెక్కలడుగుతారు, ఓటేస్తారు. 2022లో ఛాంపియన్‌షిప్‌ని 14 మ్యాచుల నుంచి 10కి తగ్గిద్దామని ఆండ్రూ స్ట్రాస్ కమిటీ చెప్తే, ఆ సభ్యులే అడ్డం తిరిగారు. ప్రతిపాదన మూలన పడింది. టీం ఓడుతూనే ఉన్నా వాళ్ళ సణుగుడికి ఒక విలువుంది.

మన సణుగుడికి? ఫ్రాంచైజీకి కోపమొస్తే పనులవుతాయి. 2025 మార్చిలో ఫ్రీ పాసుల గొడవ ముదిరి, ఊరు మారిపోతామని సన్‌రైజర్స్ లేఖ రాస్తే, ప్రభుత్వం విజిలెన్స్ విచారణకి ఆదేశించింది. అభిమాని ఊరు మారిపోతానంటే బెదిరేది ఎవరు? మన ఉద్యోగాల్లో చిన్న బగ్‌కి కూడా టిక్కెట్ రెయిజ్ చేస్తాం. హైదరాబాద్ క్రికెట్‌లో అభిమానికి తెలిసిన టిక్కెట్ ఒకటే, క్యూలో నిలబడి కొనేది.

ఆ క్యూ సంగతి కూడా చెప్పుకోవాలి. 2022 సెప్టెంబరు 22. ఇండియా, ఆస్ట్రేలియా టీ20కి టిక్కెట్లు అమ్ముతున్నారని వేలమంది పొద్దున్నే జింఖానాకి వచ్చారు. ఏర్పాట్లు సరిగ్గా లేవు. తోపులాట, తొక్కిసలాట, లాఠీలు. ఆడవాళ్ళతో సహా కొందరు గాయపడి ఆస్పత్రి పాలయ్యారు. 944 కొట్టిన నేల అది. మూడు నెలలు తిరక్కుండానే ఆ ఒక్క పాయింటు రంజీ సీజన్ మొదలైంది. నాకు ఈ రెండూ వేరువేరు వార్తలుగా కనపడవు. టిక్కెట్టు కొనే మనిషిని గేటు దగ్గర లెక్కచెయ్యని ఆఫీసు, అండర్-19లో బాగా ఆడుతున్న కుర్రాణ్ణి మాత్రం శ్రద్ధగా లెక్కచేస్తుందని ఎలా నమ్మమంటారు?

"హైదరాబాద్ జనానికి రంజీ పట్టదండీ, అందుకే ఇలా తయారైంది" అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. 2008 ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్ అట్టడుగున ఉన్నప్పుడు కూడా ఇదే ఊరు వాళ్ళని తిట్టుకుంటూ చూసింది. మర్నాటి ఏడు కప్పు గెలిస్తే ఊరేగింది. ఓటమికి భయపడే జనం కాదు మనం. జయసింహ రోజుల్లో కప్పు లేకుండానే టీంని నెత్తిన పెట్టుకున్నాం కదా. ఓడితే తిట్టుకుంటాం, మళ్ళీ వస్తాం. ఎవరిని తిట్టాలో, తిడితే ఎవరు వింటారో తెలియనప్పుడే మెల్లగా రావడం మానేస్తాం. ఇప్పుడు జరిగింది అదే.

2024-25 నుంచి టీం మళ్ళీ ఎలైట్‌లో ఆడుతోంది. ఫైనల్‌కి వెళ్ళమని నేనడగట్లేదు. సెలక్షన్ ఎలా చేశారో, ఏ వయసు టీంకి ఎంత ఖర్చు పెట్టారో అందరికీ కనపడేలా పెట్టండి. జంటనగరాల్లో ఆట చూసే మామూలు మనిషికి సభ్యత్వం ఇవ్వండి. ఏడాదికి ఎంతో చెప్పండి, కడతాం. రసీదుతో పాటు ఒక ఓటు కూడా ఇవ్వండి, చాలు.