అల లేని చోట ఎగిరిపడే పడవ

పుదుచ్చేరి నుంచి కడలూరు దారిలో నోనాంకుప్పం దగ్గర చున్నాంబారు ఏరు తగులుతుంది. పారడైజ్ బీచ్‌కి పడవలు బయల్దేరేది అక్కడి నుంచే. గాలి లేని ఉదయం ఆ నీటి మీద చిన్న అల కూడా ఉండదు. అలాంటి నీటి మీద కూడా చిన్న మోటారు పడవ వేగం అందుకోగానే అణియం, అంటే ముందు కొస, పైకి లేచి దబ్బున పడుతుంది. మళ్లీ లేస్తుంది. ప్రతిసారీ ఇంకాస్త ఎత్తుకు. లోపల కూర్చున్నవాళ్ల నడుములు విరిగిపోతాయి. దీన్ని పోర్పాయిజింగ్ అంటారు.

అందరూ మొదట అనుమానించేది అలనే. నిశ్చలమైన నీటిలోనూ ఇది జరుగుతోంది కాబట్టి అలది తప్పు కాదు. ఇది మొదటి ఆధారం.

రెండోది వేగం. ఒక హద్దు దాకా పడవ బుద్ధిగా పోతుంది, దాటగానే మొదలుపెడుతుంది. ఈ తీరంలో తరతరాలుగా కట్టుమరాలు తోలినవాళ్లకు ఈ బాధ ఎదురుకాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. నెమ్మదిగా పోయే పడవను నీరు తేల్చి మోస్తుంది. వేగంగా పోయే పడవ నీటిని కిందికి నొక్కుతూ దాని మీద జారుతుంది. అప్పుడు అడుగుభాగంలో వెనక వైపు కొద్ది మేరే తడుస్తుంది, బరువంతా దాని మీదే. ఇంగ్లండ్‌లో సి.ఎం. రామస్ అనే మతగురువు 1872లోనే మెట్టు ఉన్న అడుగుతో నీటి మీద జారే ఓడను ప్రతిపాదించాడు. నౌకా ఇంజినీరు విలియం ఫ్రౌడ్ దాన్ని నమూనాలతో పరీక్షించాడు. బరువైన ఆవిరి యంత్రాలకు అంత సత్తా లేక ఆ ఆలోచన ఆగిపోయింది. జారేంత వేగం రాని కాలంలో ఎగిరిపడటం అనే చిక్కూ రాలేదు.

మూడో ఆధారం పడవవాళ్లకు చేతి అలవాటుగా తెలిసిందే. అమరంలో, అంటే వెనక కొసన, కూర్చున్న ఇద్దరిని ముందుకు రమ్మంటే గెంతులు తగ్గుతాయి. పెట్రోలు డబ్బా ముందుకు జరిపినా అంతే. నీరు మారలేదు, మోటారు మారలేదు, పడవ వాలు మారింది. అసలు దోషి వాలే. దాన్ని నిరూపించినవాళ్లు మాత్రం పడవలవాళ్లు కాదు, విమానాలవాళ్లు.

నీటి మీంచి లేచే విమానాలు పరుగు తీస్తున్నప్పుడు ఇలాగే ఎగిరిపడేవి. పెర్రింగ్, గ్లావర్ట్ అనే పరిశోధకులు 1933లో దీన్ని లెక్కల్లో పెట్టారు. ముక్కు ఊగడం, మొత్తం శరీరం పైకీ కిందికీ కదలడం వేర్వేరు కదలికలు. ముక్కు లేస్తే తడిసిన మేర కురచవుతుంది, నీటి తోపు బరువు కేంద్రానికి వెనక్కి పోతుంది, ముక్కు పడుతుంది. పడగానే తడిసిన మేర పెరిగి, తోపు ముందుకొచ్చి మళ్లీ ఎత్తుతుంది. రెండు కదలికలూ ఒకదానికొకటి ఊతమిచ్చేలా కలిస్తే, మోటారు ఇచ్చే శక్తే ఊపును పెంచుతుంది. అందుకే అల అక్కర్లేదు, చిన్న కదలిక చాలు.

ఎగిరిపడటం మొదలయ్యే వాలు హద్దు ఎక్కడుందో 1952లో అమెరికాలోని వెబ్ నౌకా నిర్మాణ విద్యాసంస్థలో డే, హాగ్ అనే ఇద్దరు నమూనాలతో కొలిచారు. ఇంజినీరు డేనియల్ సావిట్‌స్కీ 1964 వ్యాసంలో ఆ కొలతలను పడవలు గీసేవాళ్లకు పనికొచ్చే గీతలుగా మలిచాడు. దాని సారం ఇది: వేగం పెరిగేకొద్దీ పడవ తట్టుకోగల వాలు తగ్గుతుంది. వేగం రెట్టింపైతే నీటి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది కాబట్టి అదే బరువు మోయడానికి తక్కువ వాలు చాలు. అడుగు ‘వి’ ఆకారంలో లోతుగా ఉంటే హద్దు కాస్త పైకి జరుగుతుంది.

కాబట్టి వైద్యమంతా ముక్కు దించడమే. బరువు ముందుకు జరపాలి. మోటారు వాలు పిన్నును ఒక రంధ్రం పడవ వైపు మార్చాలి, అప్పుడు ప్రొపెల్లర్ తోపు ముక్కును కిందికి వంచుతుంది. అప్పటికీ ఆగకపోతే అడుగును చూడాలి. నాకు ఎక్కువ అనుమానం దీని మీదే, ఎందుకంటే కంటికి కనిపించదు. ఫైబర్ పడవను అచ్చులోంచి తొందరపడి తీసినా, ఒడ్డున తప్పు చోట దిమ్మలు పెట్టి ఉంచినా అడుగు వంగుతుంది. పడవను బోర్లించి, వెనక చివర నుంచి ముందుకు నాలుగైదు అడుగుల తిన్నని బద్దను ఆనించాలి. బద్ద రెండు కొసల కింద వెలుతురు కనిపిస్తే అడుగు ఉబ్బింది. ఆ ఉబ్బు మీద పారే నీరు వెనక భాగాన్ని కిందికి పీలుస్తుంది, ముక్కు లేస్తుంది. ఫైబర్ పూసి తిన్నగా చేయించాలి. లేదంటే అడుగు చివర చిన్న ఏటవాలు ముక్క (వెడ్జ్) అతికించాలి, లేదా వెనక వాలు సరిచేసే పలకలు (ట్రిమ్ ట్యాబులు) బిగించాలి.

ఒక్క జాగ్రత్త. ముక్కు మరీ దిగితే పడవ నీటిని తవ్వుకుంటూ పక్కకు లాగుతుంది, చుక్కాని మాట వినదు. చున్నాంబారు సముద్రంలో కలిసే చోట ఎదురు అలలోకి అలా వెళ్తే ముక్కు గుచ్చుకుని నీళ్లు లోపలికొస్తాయి. అక్కడికి రాకముందే వేగం తగ్గించి, ముందుకు జరిపిన బరువును వెనక్కి తెచ్చుకోవాలి.