తీర్పులో పట్టించుకోని వాక్యం

1963 మే 4. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ నడుస్తోంది. బల్ల మీద కొంత డబ్బు, లెక్కల కోసం పెట్టుకున్న బిళ్లలు. పోలీసులు లోపలికొచ్చారు. ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు, డబ్బూ బిళ్లలూ స్వాధీనం చేసుకున్నారు, క్లబ్ నడిపేవాళ్ల పేర్లు కూడా కేసులో చేర్చారు.

ఊళ్లో రోజూ జరిగే పేకాట కేసుల్లో ఇదొకటి అనుకోవాలి. జరిమానాతో ముగిసిపోవాల్సింది. కానీ ఆ రోజు పట్టుకున్న ముక్కల మీద దేశంలో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.

అప్పటికి అక్కడ అమల్లో ఉన్నది 1305 ఫసలీ నాటి హైదరాబాద్ జూద చట్టం. నైజాం కాలం నాటిది. ఆ చట్టం ప్రకారం ఆట వల్ల ఇంటి యజమానికి లాభం చేరుతుంటే అది జూదగృహం. నైపుణ్యంతో ఆడే ఆటలకు మాత్రం మినహాయింపు ఉంది. పోలీసుల వాదన ఇదీ: క్లబ్ ఆటకు ఇంత అని వసూలు చేస్తోంది, పొద్దుపోయాక కూర్చుంటే అదనంగా తీసుకుంటోంది, కాబట్టి ఇది జూదగృహమే. మేజిస్ట్రేట్ ఒప్పుకుని శిక్ష వేశారు. సెషన్స్ జడ్జికి అది నచ్చలేదు, శిక్ష రద్దు చేయమని హైకోర్టుకు రాశారు. హైకోర్టు రద్దు చేసింది. ప్రభుత్వం అక్కడితో ఊరుకోలేదు, ఢిల్లీ దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ. పేకాట గురించి మాట్లాడే ఏ లాయరుకైనా ఈ పేరు నోటికి వచ్చేస్తుంది.

1967 నవంబరు 22న జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాశారు. మరో మూడు నెలల్లో ప్రధాన న్యాయమూర్తి కాబోతున్న మనిషి. ఆయనకు పేకాట సంగతులు బాగానే తెలుసనిపిస్తుంది చదువుతుంటే. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేది, రమ్మీ అలాంటిది కాదు అన్నారు. పడేసిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి. ముక్కలు కలిపి పంచడంలో అదృష్టం ఉన్నమాట నిజమే, అది బ్రిడ్జిలోనూ ఉంది. మొత్తం మీద చూస్తే రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి.

క్లబ్ వసూళ్ల గురించీ రాశారు. బిలియర్డ్స్‌కు, పింగ్‌పాంగ్‌కు, టెన్నిస్‌కు రుసుము తీసుకోవడం లేదా? పేకకూ తీసుకుంటారు, మరీ విపరీతంగా లేకపోతే తప్పు లేదు. పొద్దుపోయాక కూర్చునేవాళ్ల కోసం నౌకర్లు ఉండిపోవాలి, వాళ్లకు ఓవర్‌టైం ఇవ్వాలి, దీపాలు వెలగాలి. ఆ ఖర్చులు ఎక్కడి నుంచి వస్తాయి? ఎంత లోకజ్ఞానంతో కూడిన మాట! ప్రభుత్వం ఓడిపోయింది.

ఆ తీర్పులోనే ఇంకో వాక్యం ఉంది. ఇంటి యజమానో క్లబ్బో పందెం రమ్మీ మీద లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే నేరం నేరమేనని. మొదటి మాటను దేశమంతా వల్లె వేసింది. రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు బహుతక్కువ. నా బాధంతా అక్కడే.

తర్వాత రమ్మీ ఫోన్‌లోకి వచ్చింది. తెర మీద పదమూడు ముక్కలు వాటంతటవే పడతాయి. ఒక ప్యూర్ సీక్వెన్స్ తప్పనిసరి. మొదటే డ్రాప్ అంటే 20 పాయింట్లు, మధ్యలో వదిలేస్తే 40, ఫుల్ కౌంట్ 80. పక్కన గడియారం సెకన్లు లెక్కపెడుతుంటుంది. ఆట నిమిషాల్లో తేలిపోతుంది, వెంటనే ఇంకోటి సిద్ధం.

ఇక్కడ కాస్త లెక్క వేయాలి. పాయింటుకు రూపాయి చొప్పున ఆరుగురు కూర్చున్నారు. ఓడినవాళ్ల కౌంట్ అంతా కలిపితే 200 అయింది. గెలిచినవాడికి 200 రావాలి. యాప్ పది శాతం కోసుకుంటే 180 చేరుతుంది. పది ఆటలకు 200 రూపాయలు బల్ల మీద నుంచి మాయం. ఆరుగురూ సమాన ప్రతిభావంతులే అనుకోండి. తెల్లవార్లూ ఆడితే ఆరుగురూ కలిసి ఓడిపోతారు. అలవాటుగా గెలిచేది యాప్ ఒక్కటే. ఇక్కడ ఓవర్‌టైం ఇవ్వాల్సిన నౌకరు లేడు, అర్ధరాత్రి దాకా వెలగాల్సిన దీపం లేదు. అయినా ప్రతి ఆటలోనూ కోత ఉంది. హిదాయతుల్లా గారి రెండో వాక్యం సరిగ్గా దీని కోసమే రాసినట్టుంటుంది.

మన రాజ్యాంగంలో పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. 2017 జూన్‌లో తెలంగాణ ఆర్డినెన్స్ తెచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మూసేసింది. కంపెనీలు హైకోర్టుకెళ్లాయి. జూలైలో ఇంకో ఆర్డినెన్స్ వచ్చింది. రమ్మీలో కొంత అదృష్టం ఉంది కాబట్టి అది నైపుణ్యపు ఆట కిందికి రాదని అందులోనే రాసేశారు. తర్వాత అది చట్టమైంది.

విజయవాడ రోడ్డు తెలిసినవాళ్లు ఒక్కసారి ఊహించుకోండి. కోదాడలో ఫోన్ తీసి ఆడితే నేరం. అదే బస్సు గరికపాడు చెక్‌పోస్టు దాటి జగ్గయ్యపేట చేరితే, అదే ఫోను, అదే ఆట, అడిగేవాడు లేడు. మూడేళ్ల పైన ఇలాగే నడిచింది. తెలంగాణలో ఉంటూ దొంగ లొకేషన్ పెట్టుకుని ఆడినవాళ్లూ ఉన్నారు. 2020 సెప్టెంబరు 25న ఆంధ్రప్రదేశ్ కూడా 1974 నాటి జూద చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ ఇచ్చింది. మరుసటి నెల ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి 132 వెబ్‌సైట్లు, యాప్‌లు ఆపించమని కేంద్రానికి ఉత్తరం రాశారు. రాష్ట్రం చట్టం చేయగలదు గానీ గాలిలో వచ్చే ఆటను గేటు దగ్గర ఆపలేదని ఆ ఉత్తరమే చెబుతోంది.

మిగతా రాష్ట్రాలకు కోర్టుల్లో చుక్కెదురైంది. తమిళనాడు చట్టాన్ని 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు కొట్టేసింది, సెప్టెంబరులో కేరళ నోటిఫికేషన్ పోయింది, 2022 ఫిబ్రవరిలో కర్ణాటక వంతు. అన్నిచోట్లా వాదన ఒకటే, సత్యనారాయణ కేసు. అప్పుల్లో మునిగిన కుటుంబాల గోడు, ఆత్మహత్యల వార్తలు ఆ వాదనల ముందు తేలిపోయాయి.

ఇది మన ఒక్కరి తంటా కాదు. మనవాళ్లు లక్షల సంఖ్యలో ఉండే అమెరికాలో స్వీప్‌స్టేక్స్ క్యాసినోలని ఉన్నాయి. రెండు రకాల నాణేలుంటాయి. ఒకటి కొనుక్కునేది, దానికి విలువ లేదు. దాంతోపాటు ఉచితంగా ఇచ్చే రెండోదాన్ని గెలిచాక డాలర్లుగా మార్చుకోవచ్చు. ఉచితంగానే ఇచ్చాం, కాబట్టి జూదం కాదని వాటి వాదన. 2025లో మోంటానా, కనెక్టికట్ నిషేధించాయి. ఆగస్టు 15న న్యూజెర్సీ, అక్టోబరులో కాలిఫోర్నియా సంతకాలు పెట్టాయి. లూసియానాలో మాత్రం శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరే వీటో చేశారు. అక్కడా రాష్ట్రానికో న్యాయం.

న్యూజెర్సీ సంతకం అయిన వారానికే ఇక్కడ ఆన్‌లైన్ ఆటల బిల్లుతో పార్లమెంటు కదిలింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్నే వద్దన్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధం. నడిపినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు, అది న్యాయం. మోసపోయినవాణ్ణి మళ్లీ కోర్టు మెట్లెక్కించడం ఎందుకు? పెద్ద కంపెనీలు రోజుల్లోనే డబ్బు ఆటలు ఆపేశాయి.

ఆ చట్టం మీద మొదట కోర్టుకెళ్లింది ఏ23 రమ్మీ నడిపే సంస్థ, అదీ కర్ణాటక హైకోర్టుకు. అది హైదరాబాద్‌లో పుట్టిన వ్యాపారమే. 2025 సెప్టెంబరులో వేర్వేరు హైకోర్టుల్లోని ఇలాంటి కేసులను సుప్రీంకోర్టు తన దగ్గరికే తెప్పించుకుంది. నైపుణ్యపు ఆటను నిషేధించకూడదన్నది ఆ కంపెనీల మాట. ఆ మాటకు మూలం 1963లో సికింద్రాబాద్ బల్ల మీద పరిచిన ముక్కలే. ఈసారైనా ఆ తీర్పు పూర్తిగా చదివి, కోత తీసుకున్నది ఎవరు, ఎంత తీసుకున్నారు అని న్యాయస్థానం లెక్క అడగాలి.