నెత్తళ్లు

చిత్తూరు వైపు సంగటి ముద్ద పక్కన నెత్తళ్ల పులుసు ఉంటే ఇంకేం అడగరు. ఈ మాటను దాదాపు ఎప్పుడూ బహువచనంలోనే వింటాం. పాలు, నీళ్లు లాగే. ఒక్క చేపను విడిగా పిలిచే అవసరం ఎవరికి వస్తుంది? సముద్రంలో అవి మందగానే తిరుగుతాయి, వలలో మందగానే పడతాయి, సంతలో కుప్పగానే అమ్ముడవుతాయి.

తమిళంలో ఇది నెత్తిలి, మలయాళంలో నెత్తోలి. మూడూ ఒక తల్లి పిల్లలే. మలయాళీలు ఆ పేరుతో ఏకంగా సినిమా తీశారు: 2013లో వచ్చిన 'నత్తోలి ఒరు చెరియ మీనల్ల', అంటే నెత్తోలి చిన్న చేపేమీ కాదని. ఇంగ్లీషువాళ్ల ఆంకోవీ కూడా ఈ కుటుంబమే. ఇందులో 140కి పైగా జాతులున్నాయి. పెరూ తీరంలో దొరికే దీని బంధువు ఆంకోవెటాను పట్టినంతగా ప్రపంచంలో మరే ఒక్క చేప జాతినీ చాలా ఏళ్లలో పట్టరు. చాలావరకు తినరు లెండి, మేతపొడి చేస్తారు. పాపం!

పాత చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాకు సూళ్లూరుపేట, పులికాట్ వైపు తీరం కలిసింది. అంతకు ముందు నుంచే ఎండు నెత్తళ్లు మన సంతలకు చేరుతున్నాయి. ఉప్పు, ఎండ ఉంటే చేపకు దూరం లెక్కలేదు.

కొనేటప్పుడు పసుపు తిరిగినవి వద్దు, వెండిలా మెరిసేవి ఏరుకోండి. తలలు తుంచి, పెనం మీద వేయించి, వేడినీళ్లలో ఇసుక పోయేదాకా కడగండి. పులుసులో ఉప్పు మాత్రం రుచి చూశాకే వెయ్యండి.